నిప్పు దాచుకున్న పక్కింటావిడ

థాంక్స్‌గివింగ్ మర్నాడు పొద్దున, ఫ్రిజ్‌లో మిగిలిపోయిన పులిహోర ఎవరు తినాలన్న దాని మీద మా ఇంట్లో పంచాయితీ నడుస్తుండగా, పక్కింటావిడ చనిపోయారని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పంపింది ఆవిడ స్నేహితురాలు. హాస్పిటల్లో తెల్లవారుజామున నిద్రలోనే పోయారని, బాధ పడలేదని రెండు ముక్కలు రాశారు. నిమిషం తర్వాత ఇంకో మెసేజ్. "దుంగ ముక్క నీ దగ్గర భద్రంగానే ఉంది కదా?"

ఉందని జవాబిచ్చాను. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఆ పులిహోర నేనే పెట్టుకుని తిన్నాను. తింటూ ఏడ్చాను. మా ఆయన కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా భాష కాదు, మా దేవుళ్ళు కాదు. అమెరికాలోని ఈ అరోరా ఊళ్ళో మేము ఇల్లు కొనుక్కున్న వీధిలో మూడిళ్ళకొకటి తెలుగువాళ్ళది. మా కుడి పక్క ఇల్లు మాత్రం ఆవిడది. ఒక్కరే ఉండేవారు. ఇరవై ఏడేళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. బొంగురు గొంతు, పెద్ద పెద్ద చేతులు, నవ్వితే వీధి చివరికి వినిపించేది. తను పేగన్‌నని ఆవిడే అందరికీ చెప్పుకునేవారు. క్రైస్తవం రాకముందు యూరప్ పల్లెల్లో జనం చెట్టునీ పుట్టనీ, సూర్యుణ్ణీ రుతువుల్నీ కొలిచేవారట. ఆ పద్ధతుల్ని ఈ కాలంలో మళ్ళీ తవ్వి తీసి, తెలియని చోట సొంతంగా కల్పించుకుని పాటించేవాళ్ళన్నమాట. వాళ్ళకి ఏడాదికి ఎనిమిది పండగలు. అందులో ఆవిడ ప్రాణమంతా డిసెంబరులో వచ్చే వింటర్ సోల్‌స్టిస్ మీద, అంటే ఏడాది మొత్తంలోకీ పొడుగైన రాత్రి మీద ఉండేది.

ఆవిడ గురించి రాయాలని కూర్చోవడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు. నన్ను నమ్మి దాచమని ఇచ్చిన వస్తువొకటి నేను పోగొట్టాను. పోగొట్టింది చాలక, దాని స్థానంలో దొంగ సరుకు చేతిలో పెట్టాను. ఆ సంగతి ఆవిడ బతికుండగా చెప్పగలనా లేదా అన్నది రెండేళ్ళపాటు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అది దాటేసి ఆవిడ మంచితనం గురించి ఎన్ని మాటలు రాసినా ఇంకో అబద్ధమే అవుతుంది.

మేము ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి డిసెంబరు అది. పొద్దున్నే ఆరింటికి ఇండియా టీంతో కాల్ ఉండి కిందికి దిగాను. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి పెరట్లో మంట కనిపించింది. వెళ్ళి మా ఆయన్ని లేపాను. ఆయనది కరీంనగర్. కంగారు పడితే పాతికేళ్ళ అమెరికా ఎగిరిపోయి ఊరి భాష బయటికొస్తుంది.

"ఇల్లు అంటుకున్నట్టుందే. నైన్ వన్ వన్ కొట్టాల్నా?"

"ఆగండి. పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు."

మంట పక్కన మడత కుర్చీలో, నిండా రగ్గు కప్పుకుని ఆవిడ ఉన్నారు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు. మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకునే బయటికి వెళ్ళాడు. పావుగంటకి వేడి ఆపిల్ సైడర్ కప్పుతో తిరిగొచ్చాడు.

"సూర్యుని కోసం చూస్తున్నదట. రాత్రంతా గట్లనే కూసున్నదట" అన్నాడు. "మంచి మనిషే" అని కప్పు ఖాళీ చేశాడు.

ఆ వారంలోనే మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పక్కింటావిడ మంత్రగత్తె అని తేలిపోయింది. మంటలో ఏదో వేసి గొణుక్కుందని ఒకరు, నల్ల పిల్లి ఉందని ఇంకొకరు. పిల్లి ఉన్న మాట నిజమే గానీ అది గోధుమ రంగుది, పైగా మా ఇంటి పెరుగన్నానికి అలవాటు పడిన పిల్లి. గ్రూపులో ఆ సంగతి రాయాలనుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళం, మనకెందుకులే అని ఊరుకున్నాను.

మరుసటి ఏడు నేనే అడిగాను, ఆ రాత్రి సంగతేమిటని. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నా చెవిలో ఎలా నిలిచిపోయిందో అలా తెలుగులో రాస్తున్నాను.

"కథ కావాలా, నిజం కావాలా?"

"రెండూ కావాలి."

కథ ఇదీ. ఇద్దరు రాజులు ఏడాదంతా పోట్లాడుకుంటూ ఉంటారు. పగలు పెరిగే ఆరు నెలలూ ఓక్ చెట్టు రాజుది. రాత్రి పెరిగే ఆరు నెలలూ, చలికాలంలోనూ పచ్చగా ఉండే హోలీ చెట్టు రాజుది. ఆ పొడుగు రాత్రి ఓక్ రాజు గెలిచి రాజ్యం తీసుకుంటాడు. ఇంకో కథలో భూమాత ఆ రాత్రంతా నొప్పులు పడి, తెల్లారేసరికి సూర్యుణ్ణి పసిబిడ్డగా కంటుంది. ఇందులో మీరు ఏది నమ్ముతారని అడిగితే నవ్వారు.

"మాలో పదిమందిని అడిగితే పదకొండు జవాబులొస్తాయి. పురుడు జరిగే ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి కదా. నేను అందుకు కూర్చుంటాను."

నిజం ఆవిడ బస్సులో ఉంది. డిసెంబరులో మొదటి స్టాపు దగ్గర ఒక పాప ఎక్కేదట. చీకట్లో టోపీ, కోటు తప్ప ఏమీ కనిపించేది కాదు. గుడ్ మార్నింగ్ అంటే ఆ టోపీ లోంచి జవాబొచ్చేది. ఫిబ్రవరి నడిమికి వచ్చేసరికి అదే స్టాపులో, అదే టైముకి పాప ముఖం కనిపించేది. మధ్యలో ఎన్ని పాలపళ్ళు ఊడాయో కూడా తెలిసేది. ఇరవై ఏడేళ్ళూ పాపలు మారారు గానీ లెక్క తప్పలేదట.

"నాకు ఏ పూజారీ చెప్పలేదు. బస్సు అద్దంలోంచి నేర్చుకున్నాను" అన్నారు. "అందరూ ఆ రోజు వెలుగు గెలిచిందంటారు. గెలవదు. ఓడిపోవడం ఆపుతుంది, అంతే. అసలు చలి జనవరిలో కదా. ఆ మాత్రం దానికైనా పండగ చేసుకోవాలి."

మాకూ ఇలాంటిది ఉంది, ఉత్తరాయణం అంటాం, జనవరి పధ్నాలుగునో పదిహేనునో వస్తుంది అని గొప్పగా చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నారు.

"మూడు వారాలు లేటు."

"మా పంచాంగం అలాగే ఉంది."

"సూర్యుడు మీ కోసం ఆగి మళ్ళీ తిరుగుతాడా?"

అప్పటి నుంచి ప్రతి జనవరి పదిహేనున ఫెన్స్ దగ్గరికొచ్చి, "మీ లేటు సూర్యుడు వచ్చాడా?" అని పలకరించడం ఆవిడకి ఆనవాయితీ అయింది. నేను చక్కెర పొంగలి డబ్బాలో పెట్టి అందించేదాన్ని. అక్కడే నిలబడి ముందు జీడిపప్పులన్నీ ఏరుకుని తినేవారు.

ఎంత మంచులోనైనా ఉత్తరాల డబ్బా దాకా ఇంటి చెప్పులతోనే నడిచేవారు. వీధిలో ఏ పిల్ల పరిగెత్తినా ఆగి, రోడ్డుకి రెండు వైపులా ఆవిడే చూసేవారు. డ్రైవరు అలవాటు ఎక్కడికి పోతుంది? మా అమ్మాయికి కారు నేర్పిందీ ఆవిడే. నేను పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నానని మొదటి రోజే నన్ను దింపేశారు. డిసెంబరంతా వీధి కరెంటు దీపాలతో ధగధగలాడుతుంటే ఆవిడ ఇంటికి ఒక్కటి ఉండేది కాదు. పొడుగు రాత్రి మొదలవగానే ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసేవారు. మైక్రోవేవ్ గడియారం అంకెల మీద కూడా టేపు అంటించి, కాసేపు ఆ చీకట్లో ఊరికే కూర్చునేవారు.

"చీకటి ఎంతుందో చూసుకోకుండా దీపం పెడితే, ఎందుకు పెట్టామో మర్చిపోతాం" అనేవారు. ఆ తర్వాతే పెరట్లోకి వెళ్ళి నిప్పు రాజేసేవారు.

ఆ నిప్పుకి ఒక నియమం ఉంది. ఈ ఏటి ఓక్ దుంగని అగ్గిపుల్లతో నేరుగా అంటించకూడదు. కిందటేటి దుంగలో పూర్తిగా కాలకుండా మిగిల్చిన ముక్కని ముందు వెలిగించి, దానితో కొత్త దుంగని అంటించాలి. తెల్లారాక మళ్ళీ ఒక ముక్క ఆర్పి తీసి, ఏడాదంతా ఇంట్లో దాచాలి. అది ఉన్నన్నాళ్ళూ ఇంటికి కాపుదల అని వాళ్ళ నమ్మకం. ఆవిడ నిప్పుని మొదట రాజేసింది ఆవిడ అక్క. విస్కాన్సిన్‌లో ఒక చెరువు పక్క చెక్క ఇంటి ముందు, అక్కాచెల్లెళ్ళిద్దరే. అక్క పోయి చాలా ఏళ్ళయింది. నిప్పు మాత్రం ముక్క నుంచి ముక్కకి మారుతూ అరోరా దాకా వచ్చింది.

మూడేళ్ళ కిందట వేసవి చివర్లో ఆవిడకి తుంటి ఆపరేషన్ అయింది. రెండు నెలలు, మళ్ళీ నడక నేర్పించే రిహాబ్ సెంటర్లో ఉండాలన్నారు. మనుషుల్లేని ఇంట్లో ఆ ముక్క ఉండకూడదట. పాత టవల్లో చుట్టి తెచ్చి నా చేతికిచ్చారు. మూరెడు ఉంటుంది, ఒక కొస నల్లగా కాలి ఉంది.

"ఇంటి లోపలే పెట్టు. గరాజ్‌లో కాదు, బయట కాదు. మనుషులు తిరిగే చోట పెట్టు" అన్నారు.

హాల్లో ఫైర్‌ప్లేస్ పైన గట్టు మీద పెట్టాను. నెల రోజులు అక్కడే ఉంది. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి మొదటిసారి అమెరికా వస్తోందని ఇల్లంతా సర్దడం మొదలుపెట్టాను. సర్దుతూ సర్దుతూ దాని దగ్గర ఆగాను. సగం కాలిన కట్టె ఇంటి నడిమధ్యన. మా వైపు కొరివి అన్న మాటే ఇంట్లో పలకనివ్వరు, అది శ్మశానానికి సంబంధించింది. అమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే దాన్ని చూస్తే ఆరు నెలలూ అదే పాట పాడుతుంది. కొరివితో తల గోక్కోవడమెందుకని టవల్‌తో సహా తీసుకెళ్ళి గరాజ్‌లో ఒక మూల పెట్టాను. ఆవిడ వద్దన్న చోటే పెట్టాను.

అమ్మ వచ్చిన నాలుగో రోజున, ఉతికిన బట్టల్లో ఆ టవల్ ఒక్కటే కనిపించింది.

"దీంట్లో ఒక కట్టె ఉండాలి. ఏదండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"గదా? ఎండాకులతోటి యార్డ్ వేస్ట్ బ్యాగ్‌ల ఏసిన. నిన్ననే పికప్ అయింది." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పక్కింటామెదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "పక్కింటావిడదేంటే? ఏం పోయింది?"

మొత్తం చెప్పాను. ఇలాంటివి ఇంట్లో పెట్టుకున్నందుకు తిడుతుందనుకున్నాను. తిట్టిన మాట నిజమే, కారణం మాత్రం వేరు.

"నిప్పు దాచమని ఇస్తే తీసుకెళ్ళి గరాజ్‌లో పడేస్తావా? మా అమ్మమ్మ పొయ్యిలో నిప్పు ఆరనిచ్చేది కాదే. పొరపాటున ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికెళ్ళి అడిగి తెచ్చుకునేవాళ్ళం. నేనేదో అంటానని దాచావా? నన్నొక మాట అడిగితే పోయేదిగా."

వెంటనే ఆవిడ దగ్గరికెళ్ళి నిజం చెప్పమంది అమ్మ. ఆపరేషనైన మనిషి, ఇప్పుడెందుకు బాధపెట్టడమని నేను వాదించాను. అసలు సంగతి భయం. పక్క వీధిలో ఎవరో ఓక్ కొమ్మ నరికి రోడ్డు అంచున పడేస్తే, మూరెడు ముక్క కోసుకొచ్చాను. గ్యాస్ స్టవ్ మీద దాని కొస కాల్చాను. స్మోక్ అలారం మోగింది. మా ఆయన కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే, అమ్మ సోఫాలోంచి కదలకుండా, "దొంగ పని చేసేవాళ్ళు ముందు కిటికీలన్నా తీసుకోవాలి" అంది.

ఆవిడ వాకర్‌తో ఇంటికి చేరిన రోజున ఆ ముక్కని అదే టవల్లో చుట్టి ఇచ్చాను. విప్పి చూశారు. రెండు అరచేతుల్లో పెట్టుకుని కాసేపు ఉంచుకున్నారు.

"థాంక్యూ. అక్కడ నాకు నిద్ర పట్టకపోవడానికి దీని ధ్యాసే కారణం" అన్నారు.

తేలు కుట్టిన దొంగ సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను. పూర్తిగా అర్థమైంది ఆ రోజే.

ఆ డిసెంబరులో ధనుర్మాసం మొదలయ్యాక అమ్మ చీకటితో లేచి, మా వాకిట్లో మంచు ఊడ్చిన మేరకి వరిపిండితో ముగ్గు పెట్టేది. పక్కింటావిడ కర్ర పట్టుకుని పొద్దున్నే నడక ప్రాక్టీసు చేసేవారు. ఒకరోజు ఆ తెల్లపొడి చూసి, అది ఐసు కరగడానికి చల్లిన ఉప్పనుకున్నారు. చాల్లేదని తన ఇంటి నుంచి తెచ్చి నాలుగు గుప్పెళ్ళు ముగ్గు నిండా చల్లి వెళ్ళారు. అమ్మ తలుపు సందులోంచి అంతా చూస్తూనే ఉంది, ఆపలేదు.

"నేను జారి పడతానని చల్లింది పాపం. అలాంటి మనిషికి అబద్ధం చెప్పావు. ఆవిడ ముఖం చూడాలంటే నాకే సిగ్గుగా ఉంది" అంది.

అంతకుముందు పొడుగు రాత్రుల్లో నిప్పు అంటించే వేళకి వెళ్ళి గంట ఉండి వచ్చేసేదాన్ని, ఆ ఏడు మాత్రం జ్వరమని చెప్పి వెళ్ళలేదు. నిప్పు అంటించేటప్పుడు ఆవిడ ప్రతిసారీ "అక్కా, ఇదిగో" అంటారని తెలుసు. నేను కాల్చిన కట్టె పట్టుకుని ఆ మాట అంటుంటే ఎదురుగా నిలబడే ధైర్యం లేకపోయింది. రెండో ఏడు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాను. ఆ ఏడు వెలిగించిన ముక్క కూడా నా దొంగ ముక్క మంటలో మిగిలిందే. అబద్ధం ఒకసారి ఆడితే చాలు, మిగతాది ఆవిడ పద్ధతే ఏడాదికేడాది మోసుకొచ్చింది.

కిందటి డిసెంబరులో ఆ సాయంత్రం, పడగానే గడ్డకట్టే ఐసు వాన కురిసింది. ఆ రాత్రికి రావాల్సిన ఆవిడ పేగన్ స్నేహితులు ఎవరూ కారు తియ్యలేకపోయారు. ఆవిడే వచ్చి మా తలుపు కొట్టారు.

"ఈసారి ఎవరూ రావడం లేదు. నువ్వైనా వస్తావా? సాకు ఉంటే ఇప్పుడే చెప్పెయ్, నేను కుర్చీ తుడుచుకోనక్కర్లేదు."

వెళ్ళాను. ముందు ఇంట్లో చీకట్లో కూర్చున్నాం. తర్వాత పెరట్లో, "అక్కా, ఇదిగో" అని ఆవిడ ఆ ముక్కతో దుంగని అంటించారు. దుంగ అంటుకుంది. అర్ధరాత్రి దాకా అక్క కబుర్లు చెప్పారు. అక్క పళ్ళతో అగ్గిపెట్టె తెరిచేదట. రెండు దాటాక ఇంక నా వల్ల కాలేదు. గరాజ్, చెత్త బ్యాగు, కొమ్మ, గ్యాస్ స్టవ్, ఏదీ వదలకుండా చెప్పేశాను.

ఆవిడ కర్ర అందుకుని లేచి ఇంట్లోకి వెళ్ళారు. ఇంక రారనుకున్నాను. ఇంకో రగ్గు తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"అది మా అక్క చేతి నిప్పు" అన్నారు. "రెండేళ్ళ నుంచి నేను మీ గ్యాస్ స్టవ్‌ని అక్కా అని పిలుస్తున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు.

"వెళ్ళిపోనా?" అన్నాను.

"వద్దు. నాకు చాలా కోపంగా ఉంది. వెలుతురొచ్చేదాకా కోపంగానే ఉంటాను. నువ్వు ఇక్కడే కూర్చో. పొద్దున్నకి ఏమవుతుందో నాకూ తెలీదు."

కూర్చున్నాం. దాదాపు ఐదు గంటలు మా మధ్య మాట లేదు. ఒకసారి మాత్రం కట్టె వెయ్యమని గడ్డంతో చూపిస్తే లేచి వేశాను. అప్పటిదాకా వాళ్ళ పండగ నాకొక వింత, ఫ్రెండ్స్‌కి చెప్పుకోవడానికి పనికొచ్చే కబురు. ఆ రాత్రి చలికి పళ్ళు కొట్టుకుంటూ, పక్కన కోపంతో ఉన్న మనిషి ఊపిరి వింటూ కూర్చున్నప్పుడు దాని అర్థం కాస్త తెలిసింది. చీకటిని పోగొట్టే మంత్రమేదీ వాళ్ళ దగ్గర లేదు. తెల్లారేదాకా ఎవరూ లేచి వెళ్ళిపోరు. పద్ధతంతా అంతే.

ఏడు దాటింది. ఆకాశం నిండా మబ్బు. బూడిద రంగు కాస్త తేలికైంది తప్ప తూర్పున ఏమీ కనపడలేదు.

"సూర్యుడు రాలేదు" అన్నాను.

"వచ్చాడు. నీ ముఖం కనిపిస్తోంది నాకు" అన్నారు ఆవిడ. అలాగే చూసి, "ఏడ్చి ఏడ్చి ఘోరంగా ఉన్నావు. వెళ్ళి మీ కాఫీ పెట్టు. పాలు ఎక్కువ పొయ్యి" అన్నారు.

క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. జనవరి అంతా ముభావంగానే ఉన్నారు. పదిహేనో తారీఖున ఫెన్స్ దగ్గరికి రాలేదు, పొంగలి డబ్బా మా వంటింట్లోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలో ఒకరోజు తలుపు కొట్టి, మా అమ్మాయి కారు పార్క్ చేసిన తీరు గురించి అరగంట తిట్టిపోశారు. ఆ తిట్లు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈ నవంబరులో గుండె నీరసించి హాస్పిటల్లో చేరారు. థాంక్స్‌గివింగ్‌కి రెండు రోజుల ముందు చూడ్డానికి వెళ్ళాను. కిందటేటి ముక్క తన వంటింట్లో బ్రెడ్ డబ్బాలో ఉందని, తీసుకెళ్ళమని ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"నాకొద్దు. మీ ఫ్రెండ్‌కివ్వండి. ఆవిడైతే జాగ్రత్తగా చూస్తారు" అన్నాను.

"ఆవిడ జన్మలో ఏదీ పోగొట్టుకోలేదు. అలాంటివాళ్ళకి దాచడం చేతకాదు."

"డిసెంబరుకి మీరే వచ్చేస్తారు."

"రాకపోతే మీ పెరట్లో చెయ్. మా వాళ్ళు నలుగురూ వస్తారు. లోపలికొచ్చే ముందు బూట్లు విప్పమని చెప్పడం మర్చిపోకు. నీకు కార్పెట్ మీద ఉన్న భక్తి వాళ్ళకి తెలీదు."

ఇద్దరం నవ్వాం. బయల్దేరుతుంటే నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పెద్ద చేతిలో అప్పటికి బలం లేదు. "మా అక్కది పోయింది, అది పోయిందే. ఇది ఆ రాత్రిది. మనిద్దరిదీ" అన్నారు. అది ఆవిడ నాతో అన్న ఆఖరి మాట.

ఈసారి ముక్కని హాల్లో, అందరూ తిరిగే చోట పెట్టాను. అమ్మ రోజూ తెనాలి నుంచి వీడియో కాల్ చేసి, నేను ఎలా ఉన్నానని కాక, అది ఉందా లేదా అని అడిగేది. కెమెరా తిప్పి చూపిస్తే గానీ నమ్మేది కాదు. నా మీద ఆ మాత్రం అనుమానం ఉండటం న్యాయమే. నాకూ ఉండేది. రాత్రిపూట లేచి రెండుసార్లు చూసుకున్న రోజులున్నాయి.

పొడుగు రాత్రి నలుగురూ వచ్చారు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. బూట్లు విప్పమంటే ఒకరి మీద ఒకరు ఆనుకుని విప్పారు. లైట్లన్నీ ఆర్పి మా హాల్లో కూర్చున్నాం. తర్వాత పెరట్లోకి వెళ్ళాం. నాలుగు అంగుళాల మంచు ఉంది, గాలి ఉంది. నేను ముక్కని వెలిగించబోతే అంటుకోలేదు. ఇంకోసారి, ఇంకోసారి. నేను తప్ప ఎవరు చేసినా అంటుకునేదేమో అనిపించింది. మా ఆయన వచ్చి గాలికి అడ్డంగా కూర్చున్నాడు.

"జర ఇటు జరుగు. తొందరెందుకు, రాత్రి పొడుగే కద" అన్నాడు.

కొస ఎర్రబడింది. ఊదాను. అంటుకుంది. కాసేపటికి దుంగ కూడా అంటుకుంది. రాత్రంతా ఆవిడ కబుర్లు చెప్పుకున్నాం. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి, ఆవిడ నేర్పిన పార్కింగ్ తిట్లన్నీ ఆవిడ గొంతుతోనే అప్పజెప్పింది. నేను ఆ నలుగురికీ దొంగ ముక్క కథ చెప్పాను. వాళ్ళకి అప్పటికే తెలుసట.

తూర్పున ఎరుపు మొదలయ్యేసరికి నలుగురూ నా వైపు తిరిగారు. నిప్పు అంటించినవాళ్ళే సూర్యుణ్ణి పలకరించాలట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. కిందటేడు మబ్బు, పైగా కోపం, ఆవిడ పలకరించగా నేను వినలేదు.

"ఏమనాలి?" అని, ఆ నలుగురిలో ఉన్న, నాకు మెసేజ్ పంపిన స్నేహితురాల్ని అడిగాను.

"ఏదైనా పర్లేదు. నీ మాటే అవ్వాలి" అన్నారు ఆవిడ.

నాకు సూర్యుడి మీద స్తోత్రాలు కొన్ని వచ్చు. ఆఫీసులో వెల్‌కమ్ స్పీచులు ఇంకా బాగా వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. వెనక వీధి ఇంటి కప్పు మీద సన్నగా అంచు కనిపించింది. ఇంత చలిలో ఇంతసేపు చూశామన్న అలసట, చూడాల్సిన మనిషి లేకుండానే తాపీగా వచ్చాడన్న ఉక్రోషం రెండూ కలిసి, పొద్దుపోయి ఇల్లు చేరినవాళ్ళతో మా అమ్మ అనే మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"వచ్చావా నాయనా. ఇంతసేపా? రా, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను."

నలుగురికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. నలుగురూ తలూపారు. మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి ఏడ్చేసింది.

మా పెరడు ఇంకా నీడలోనే ఉంది. ఎండ ముందు పక్కింటి మేడ మీది కిటికీ అద్దానికి తగిలి, అక్కణ్ణుంచి మా మంచు మీదికి వచ్చి పడింది. చాప పరిచినంత మేర. ముందు ఎవరు కదిలారో తెలీదు. ఏడుగురం వెళ్ళి ఆ కాస్త మేరలోనే, భుజాలు ఒరుసుకుంటూ నిలబడ్డాం.